మడత టాపు బ్యూక్ కారు

వెనుకటి కాలమున పల్లెలలో గూడుబండి నెరుగనివారు లేరు. వేసవిలో పెండ్లివారు తరలిపోవునపుడు ఎడ్లబండిమీద వెదురుబద్దలు వంచి, వానిపై చాప కప్పి గూడు కట్టెడివారు. గడ్డి తోలవలసివచ్చినపుడు ఆ గూడు విప్పి పెరటిలో నుంచెడివారు. పట్టణములలో రిక్షాకు టాపుండెడిది. వాన పడినచో రిక్షావాడు దానిని ముందునకు లాగును. చల్లని సాయంకాలమున లోపల కూర్చున్నవారే దానిని దింపుమందురు. ఒకే బండి కప్పుగలదియు కప్పులేనిదియు నగుట మనవారికి క్రొత్త సంగతి కాదు. అమెరికావారు ఈ పనినే మోటారు కారునకు చేసి, దానికి కన్వర్టిబుల్ అని పేరుపెట్టిరి. మార్చుకొనుటకు వీలైనదని ఆ మాట కర్థము.

మొదట అమెరికాలోను కార్లు చాలవరకు గట్టి కప్పు లేనివే. గుఱ్ఱపుబండి పెట్టెకు ఇంజను తగిలించిన కాలమది. 1908లో వెలువడిన ఫోర్డు టి కారును కొన్నవారిలో ఎక్కువమంది గుడ్డ టాపుదానినే కొనుచుండిరి. ఏలయన అదియే చవుక. 1920ల చివరకు స్థిరమైన కప్పుగల కార్లు విరివిగా వచ్చెను. దుమ్మునుండి, వాననుండి, అక్కడి గడ్డకట్టు చలినుండి అవి మనుష్యులను కాపాడెను. అప్పటినుండి గుడ్డ టాపు కారు అవసరము తీర్చు వస్తువు గాక, ముచ్చట తీర్చు వస్తువయ్యెను. దాని వెలయు పెరిగెను. సంగారెడ్డి వైపు జొన్నరొట్టెకును ఇట్టి దశయే పట్టినది. ఒకనాడు గతిలేక తిన్న తిండిని నేడు హోటళ్ళలో అడిగి తెప్పించుకొని తినుచున్నారు.

చేతితో టాపు లాగుకొను శ్రమ కూడ ఎంతో కాలము నిలువలేదు. 1939లో ప్లిమత్ కంపెనీవారు మీట కదలించినంతనే టాపు తనంతట తాను లేచునట్టి ఏర్పాటు చేసిరి. తరువాతి సంవత్సరములలో ఇతర కంపెనీలును ఆ మార్గమునే పట్టెను.

మన దేశమునకు ఈ కార్లు ఓడలమీద వచ్చినవి. 1928లో జనరల్ మోటార్స్ కంపెనీ బొంబాయిలో ఒక కార్ఖానా నెలకొల్పి, అమెరికానుండి విడివిడిగా వచ్చిన భాగములను బిగించి కార్లు అమ్మసాగెను. ఫోర్డు కంపెనీయు అట్లే చేసెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, ఈ దేశముననే భాగములను తయారుచేయు సంకల్పము లేనివారు కార్లు బిగించు పని మానుకొనవలెనని ప్రభుత్వము నిర్ణయింపగా, 1954 నాటికి ఆ రెండు కంపెనీలును తట్ట బుట్ట సర్దుకొనిపోయెను. అది మంచి నిర్ణయమే. కాని దానివలన ఒక చిక్కు కలిగినది. అంతకుముందే వచ్చిన వేలకొలది అమెరికా కార్లు రోడ్లమీద నిలిచినవి. వాని విడిభాగములు అమ్మువారు మాత్రము లేకపోయిరి. విరిగినది మరల దొరకదు. దొరకనిచో చేయవలసినదే. మన నగరములలోని మెకానిక్కుల చేతివాడి చాలవరకు ఆ చిక్కునుండి పుట్టినది.

హైదరాబాదున ఇట్టి పాతకార్లు చూడగోరువారు చౌమహల్లా ప్రాసాదమునకు పోవుదురు. అచ్చట నిజాముల కార్లు కలవు. వానిలో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ మిక్కిలి పేరెన్నిక గన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానికొరకు ఆర్డరు పెట్టెను; కాని అది చేరకమునుపే 1911లో ఆయన పరమపదించెను. 1912 నాటి ఆ బండి ఏడవ నిజామునకు దక్కినది. దానిలో రాజు కూర్చుండుటకు సింహాసనమువంటి ఆసనమును అమర్చిరి. ఆ వాహనములనడుమ అమెరికావారి బ్యూక్ కన్వర్టిబుల్ ఒకటియు కలదు. రాజులు తెరచిన బండిని ఏల కోరుదురన్న ప్రశ్నకు సమాధానము సులభము: ఊరేగువాడు జనులకు కనబడవలెను. రాజరికములు పోయిన పిమ్మటను ఆ అవసరము పోలేదు. 1982లో నందమూరి తారకరామారావు ఆంధ్రదేశమంతయు తిరిగిన చైతన్యరథము పాత షెవ్రొలె వ్యాను. దానిపై నిలిచి మాటలాడుటకు వీలుగా దానిని మార్చిరి. ఆయన కుమారుడు హరికృష్ణ దానిని నడపెను. అమెరికాలో సముద్రతీరపు గాలికొరకు కప్పు తీయుదురు. మన దేశమున జనముకొరకు తీసిరి.

అట్టి బ్యూక్ కన్వర్టిబుల్ ఒకటి ఇటీవల ఒక శీతకాలపు ఆదివారమున పటాన్‌చెరునకును సంగారెడ్డికిని నడుమ, జాతీయ రహదారి ప్రక్కనున్న ఒక మైదానమున పాతకార్ల ప్రదర్శనకు వచ్చెను. ఆ ప్రాంతపు జనులకు యంత్రములు వింత కాదు. 1960లనుండి రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కార్ఖానా టర్బైనులు చేయుచున్నది. ఎద్దుమైలారమున సైనికుల కవచవాహనములు తయారగును. సదాశివపేటలో టైర్లు, పటాన్‌చెరులో రంగులు చేయు కార్ఖానాలున్నవి. జహీరాబాదున 1980లలో ఆల్విన్ నిస్సాన్ వారు చిన్న లారీలు చేసిరి; తరువాత ఆ కార్ఖానా మహీంద్రావారి చేతికి వచ్చినది. కావున ఆనాడు మైదానమున గుమికూడిన వారిలో సగముమంది ఏదో ఒక యంత్రముమీద చేయి వేసి బ్రతుకువారే. వారు కారును చూచు తీరు వేరుగా నుండును. ఇతరులు దాని ప్రక్కన నిలిచి ఫోటో తీసికొందురు. వీరు వంగి దాని క్రిందికి చూతురు.

ఆ కారు 1947 నాటిది. పొడవు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. ముందువైపు నిలువుకడ్డీల జాలి పండ్లన్నియు బయటపెట్టి నవ్వుచున్నట్లుండును. బానెటుమీద ఒక వలయము, దానినడుమ ఒక తూటా వంటి బొమ్మ. అప్పుడే ముగిసిన యుద్ధమున విమానములనుండి బాంబులు గురిచూచు సాధనము దానికి ఒరవడి యందురు. లోపల ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో నిలిచిన ఇంజను. బంపర్లపై క్రోమియం పూత అద్దమువలె మెరయుచుండెను. ఈ మెరుగు చూచి మురియుటలో తప్పులేదు గాని, పూతపని చేసిన నీరు ఎక్కడికి పోవునన్న ప్రశ్న పటాన్‌చెరు వారికి తట్టక మానదు. కార్ఖానాల మురుగునీటితో నక్కవాగు చెడిపోయి, పొలములు పాడై, ఆ వ్యవహారము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. ఇంకొక మాటయు చెప్పవలెను. ఈ కారునకు సీటుబెల్టులు లేవు. పెట్రోలు త్రాగుటలో ఇది నేటి చిన్నకార్లు మూడింటికి సమానము. అందమైనదగుటచే మాత్రమే దానిని అన్నివిధముల గొప్పదనుట న్యాయము కాదు.

దాని నిజమైన గొప్పతనము టాపులో నున్నది. మూతలేని అట్టపెట్టెను రెండు మూలల పట్టి మెలిపెట్టినచో వంకర పోవును. మూత అంటించిన పెట్టె అంత సులభముగా వంగదు. కారును అట్టిదే. కప్పు తీసివేసినచో దాని బిగువు సడలి, గతుకులలో తలుపులు వానంతట అవి ఊడివచ్చును. అందువలన క్రింది చట్రమును మరింత బలముగా చేయుదురు. కప్పులేని కారు కప్పున్న కారుకంటె బరువుగా నుండుటకు ఇదియే కారణము. ఇక టాపు సంగతి: గుడిసె వాసములవలె అడ్డముగా నాలుగైదు ఇనుపకమ్ములు, వానిపై దళసరి గుడ్డ, ఇరుప్రక్కల మడతబందులు. మీట నొక్కగా ఒక చిన్న పంపు నూనెను రెండు గొట్టములలోనికి తోయును. గొట్టములలోని కడ్డీలు పైకి లేచి కమ్ములను నెట్టును. ఆ కాలమున ఇందుకు బ్రేకు నూనెనే వాడిరి. అది బొట్టు కారినను రంగు పాడగును. ఇరువైపుల మడతబందులు సమానముగా కదలవలెను. ఒక వైపు రవ్వంత వెనుకబడినను కమ్మి మెలిపడి, గుడ్డ చినుగును.

ఇట్టి పాతబండ్లకు ప్రభుత్వము 2021లో ప్రత్యేకమైన నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, మొదటి రూపముననే నిలిచిన వాహనమును వింటేజి వాహనముగా నమోదు చేయుదురు. చట్రము, పైపెట్టె, ఇంజను మార్చియుండరాదు. వానిని ప్రతిదినము పనులకు వాడరాదు. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. చిన్న మేకుల, పిన్నుల మాట ఆ నిబంధనలలో లేదు. కాని ప్రదర్శనలలో బహుమతులిచ్చు నిర్ణేతలు చట్టముకంటె కఠినులు. ప్రతి భాగమును పుట్టినప్పటిదేనా యని వెదకి మార్కులు వేయుదురు.

ఆనాడు చూడవచ్చిన వారిలో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చిరకాలము లేతు యంత్రముపై పనిచేసి విశ్రమించిన టర్నరు ఒకరు కలరు. ఆయన వెంట ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలుండెను. ఆయన వచ్చుటకు ఒక కారణమున్నది. 1990 ప్రాంతమున నగరమునుండి ఒక మెకానిక్కు ఒక అరిగిన పిన్నును గుడ్డలో చుట్టి తెచ్చి, అటువంటిది కావలెననెను. బ్యూక్ కారు టాపునకు ఎడమవైపు మడతబందులోనిదని మాత్రము చెప్పెను. నమూనా చిత్రము లేదు. పిన్ను నడుమ అరిగి సన్నబడినది. అచ్చటి కొలత నమ్మదగినది కాదు. టర్నరు దాని తల క్రింద, రాపిడి తగులని చోట కొలిచెను. 9.52 మిల్లీమీటర్లు వచ్చెను. మిల్లీమీటర్లలో చూచినచో అది వింతకొలత. క్రొత్తవాడైనచో తొమ్మిదిన్నర యని సరిపెట్టి చేసియుండును. ఆయన మాత్రము అది అంగుళములకు పుట్టిన వస్తువని గ్రహించెను. అంగుళములో ఎనిమిదవ పాలును హైదరాబాదు కార్ఖానాలలో సూతు అందురు. మూడు సూతులు 9.525 మిల్లీమీటర్లగును.

చివరనున్న మరలతో ఇంకొక తంటా వచ్చెను. ఆ లావుగల పిన్నునకు ఆంగ్లేయుల పద్ధతిలోను అమెరికావారి పద్ధతిలోను అంగుళమునకు 16 మరలే. చూపునకు రెండును ఒక్కటే. కాని ఆంగ్లేయుల మర కోణము 55 డిగ్రీలు, అమెరికావారిది 60. మన కార్ఖానాలలో అప్పటికి ఆంగ్లేయుల పద్ధతియే ఎక్కువ. ఆయన తన పనిముట్టును 60 డిగ్రీలకు సానపట్టి మరలు కోసెను. గన్‌మెటలుతో దానికి బుష్షు చేసెను. ఒక పూట కూలి తీసికొనెను. ఆ కారును ఆయన అప్పుడు చూడలేదు. ఆ పిన్ను దానికి సరిపడినదో లేదో ఎవరును వచ్చి చెప్పలేదు. ముప్పది యేండ్లకు పైగా ఆ సంగతి ఆయన మనస్సున నుండిపోయినది. బ్యూక్ కన్వర్టిబుల్ వచ్చినదని విని, అదియే ఇది యగునేమోనని వచ్చెను.

కారు యజమాని మర్యాదస్తుడు. వచ్చినవారందరికి విసుగులేక వివరించుచుండెను. "ఇందులోని ప్రతి భాగము అమెరికాలో చేసినదే. ఒక్క మేకైనను ఇచ్చటిది లేదు" అని ఆయన నిర్ణేతలతో అనుచుండగా, టర్నరు వెనుక సీటు ప్రక్క వంగి మడతబందును చూచెను. మనుమరాలు రెండవ ప్రక్కకు పోయి చూచి వచ్చెను.

"తాతా, కుడివైపు పిన్ను తల గుండ్రముగా నున్నది. ఎడమవైపుది అంచు వాలుగా కోసియున్నది. రెండును ఒకరు చేసినవి కావు గదా?"

"మెల్లగా మాటలాడు, బిడ్డా" అనెను తాత.

పిన్ను అంచును వాలుగా కోయుట ఆయన అలవాటు. గుండ్రని తల చేయుటకు తగిన పనిముట్టు ఆనాడు ఆ కార్ఖానాలో లేకుండెను. బాలికకు ఇంటిలో తాత చేసిన తలుపుగొళ్ళెములు తెలియును. వాని అంచులును అట్లే యుండును. ఆమె తాత ముఖము చూచి సంగతి గ్రహించినది. "అది నీవు చేసినదే! వారితో చెప్పుదము" అనినది.

చెప్పినచో ఏమగునో టర్నరు ఎరుగును. నిర్ణేతలు చేతిలో కాగితములతో రెండడుగుల దూరమున నున్నారు. యజమాని అబద్ధమాడుటలేదు, ఆయన ఈ కారును ఎవరియొద్దనో కొన్నవాడు, తనకు చెప్పినదే చెప్పుచున్నాడు. పిన్ను సంగతి బయటపడినచో ఆయనకు మార్కులు తగ్గును. ఊరకున్నచో ముప్పది యేండ్లుగా ఆ టాపును మోసిన పని అమెరికావారి పేరనే నిలిచిపోవును. బాలికకు ఇది అన్యాయముగా తోచినది. ఆమె తొందరపడుటలో తప్పు లేదు.

ఇంతలో నిర్ణేతలు టాపు లేపి చూపుమనిరి. యజమాని మీట నొక్కెను. పంపు గుఱ్ఱుమనెను. కమ్ములు ఒకదానివెంట ఒకటి లేచెను. గుడ్డ తెరచాపవలె విచ్చుకొని, ముందరి అద్దముపై చక్కగా వాలెను. జనులు చప్పట్లు కొట్టిరి. టర్నరు మాత్రము కన్నులు మూసికొని వినుచుండెను. ఎడమవైపు ఏ సద్దును లేదు. కుడివైపు లేచునపుడొకసారి, వాలునపుడొకసారి కిఱ్ఱుమని చప్పుడైనది.

నిర్ణేతలు తరువాతి కారు వద్దకు పోయిరి. అప్పుడు టర్నరు యజమానిని సమీపించి, "అయ్యా, కుడివైపు బుష్షు అరిగినది. ఇట్లే నడిపినచో కమ్మి మెలిపడును, గుడ్డ చినుగును" అనెను.

యజమాని నిట్టూర్చి, "నాకును అనుమానముగనే యున్నది, పెద్దాయనా. అమెరికానుండి తెప్పింపవలెను. అది దొరకునో దొరకదో" అనెను.

"కొలత మూడు సూతులు. మరలు అమెరికావారివి, 60 డిగ్రీలు. ఇక్కడనే చేయవచ్చును."

"విప్పి చూడకయే మీకెట్లు తెలిసినది?"

టర్నరు వెంటనే బదులు చెప్పలేదు. మనుమరాలు ఎడమవైపు మడతబందును చూపినది. యజమాని అచ్చట వంగి చాలసేపు చూచెను. పిదప కుడివైపునకు పోయి చూచెను. తిరిగివచ్చి టర్నరు రెండుచేతులు పట్టుకొనెను. నిర్ణేతలవద్దకు పోయి ఏమైన చెప్పెనో లేదో తెలియదు. ఆ సాయంకాలము బ్యూక్ కారునకు రెండవ బహుమతి వచ్చినది. మొదటిది ఒక పాత ఆస్టిన్ కారునకు పోయినది.

మరునాటి వారమున యజమాని కుడివైపు పిన్నును విప్పి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో టర్నరు వెనుక పనిచేసిన కార్ఖానాకు తెచ్చెను. ఇప్పుడచ్చట కంప్యూటరు చెప్పినట్లు తిరుగు లేతులున్నవి. ఒక మూల పాత లేతు కూడ ఉన్నది. కార్ఖానాలోని యువకులు పిన్నును చేతులు మార్చుకొని చూచిరి. ఒకడు నడుమ కొలిచి, తొమ్మిది మిల్లీమీటర్ల చిల్లర యనెను. టర్నరు ఆ కొలపనిముట్టును అతని చేతినుండి తీసికొని, బడినుండి తిన్నగా వచ్చిన మనుమరాలి చేతికిచ్చెను. ఆమె పుస్తకాల సంచి క్రింద పెట్టి, పిన్నును వెలుగువైపు త్రిప్పి, తల క్రింద రాపిడి తగులని చోట పట్టి చూచినది.